తొమ్మిదిన్నర దాకా లైటు

ఇల్లు, వంటగది బల్ల
నవంబరు 10

డాక్టరమ్మకి,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ, మీ అక్క గుర్రమూ.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. మీ అక్క పోయి పద్నాలుగు నెలలు. ఈ పద్నాలుగు నెలల్లో మూడుసార్లు చేశాను. మూడుసార్లూ నువ్వు ఏడ్చావు, నేను పెట్టేశాను. కాగితంతో ఆ ఇబ్బంది లేదు.

విషయం. నిన్న గుర్రపుశాలలో గడ్డి గది సర్దుతుంటే తలుపు వెనక మీ అక్క అంటించిన కాగితం కనబడింది. 'ఈ ఏడు అమ్మడికి పిల్ల' అని ఉంది. కింద సంవత్సరం. అది కొట్టేసి పక్కన ఇంకో సంవత్సరం. అదీ కొట్టేసి ఇంకోటి. మొత్తం నాలుగు. చివరిది పోయినేడు. అది మాత్రం కొట్టెయ్యలేదు.

అమ్మడంటే ఆ గయ్యాళే. మీ అక్క అలా పిలిచేది. నేను పిలవను. నిన్న నా చొక్కా గుండీ కొరికి, రుచి చూసి ఉమ్మేసింది.

అప్పట్లో మన శాలలో ఉన్న నల్ల మగగుర్రం వీర్యం మీ ఆసుపత్రిలో దాచి పెట్టించానని తను చెప్పిన గుర్తు. ఉందా, పారేశారా? ఉంటే ఈ పని పూర్తి చేద్దామనుకుంటున్నాను. నాకు గుర్రాల గురించి ఏమీ తెలియదు. ఆఫీసులో ఊళ్ళ పటాలు గీసుకునే మనిషిని. కొలతలు చెప్తే చేస్తాను. సలహాలు వద్దు, పద్ధతి చాలు.

మీ బావ


పశువుల ఆసుపత్రి, పై అంతస్తు
నవంబరు 17

బావా,

'సలహాలు వద్దు, పద్ధతి చాలు.' ఒక పశువుల డాక్టరుకి ఇలా రాసే మనిషి ప్రపంచం మొత్తం మీద మీరొక్కరే.

ఉంది. ఒక్క డోసే ఉంది. నాలుగు సన్నటి స్ట్రాల్లో గడ్డకట్టి, అతిచల్లటి నైట్రోజన్ క్యాన్ అడుగున. మగగుర్రం పోయి ఆరేళ్ళయింది. ఇది పోతే ఇంకోటి లేదు. మన గుర్రానికి పదిహేనేళ్ళు, ఒక్కసారీ ఈనలేదు. ఆ వయసులో తొలిచూలు అంత తేలిక కాదు. ఇది సలహా కాదు, సమాచారం.

ఇక పద్ధతి. ఆడగుర్రం చలికాలంలో ఎదకు రాదు. పగలు పెరిగితేనే దాని ఒంట్లో హార్మోన్లు నిద్ర లేస్తాయి. అందుకని మనం పగటిని పొడిగించి దాన్ని మోసం చేస్తాం. శాలలో పెద్ద బల్బు పెట్టించండి. ఏ మూల నిలబడ్డా పేపరు చదవగలిగేంత వెలుగుండాలి. పొద్దు కుంకే ముందే వేసి, తొమ్మిదిన్నర దాకా ఉంచాలి. రోజూ. ఆదివారం లేదు, జ్వరం లేదు, మర్చిపోయాను లేదు. మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

రెండు నెలలకి చలికాలపు బొచ్చు ఊడటం మొదలవుతుంది. ఒంట్లో వసంతం వచ్చిందని అదే గుర్తు. అప్పుడు స్కానింగు, అది మీ ఊరి పశువుల డాక్టరు చేస్తారు, వెళ్ళి కలవండి. తర్వాత హార్మోను మందు, తర్వాత ఇంజెక్షను, ఆఖరికి మన డోసు. ముందు లైటు.

మీరు సరిగ్గా తింటున్నారా?

మరదలు


ఇల్లు
నవంబరు 26

డాక్టరమ్మకి,

తింటున్నాను. అది పద్ధతిలో భాగం కాదు.

లైటు ఏర్పాటైంది. ఎలక్ట్రీషియను మూడు రోజులు తిప్పాడు. మొదటి రోజు నిచ్చెన లేదన్నాడు. రెండో రోజు నిచ్చెన తెచ్చాడు, బల్బు మర్చిపోయాడు. మూడో రోజు రెండూ తెచ్చాడు, గయ్యాళి నిచ్చెనని తన్నింది. 'గుర్రానికి ఇంత లైటెందుకు సార్, పరీక్షలకి చదువుతోందా?' అన్నాడు. నేను పేపరు పట్టుకుని నాలుగు మూలలా నిలబడి చదివి చూశాను. అతను నన్ను చూసిన చూపు గురించి రాయను.

నువ్వు చెప్పిన ఇక్కడి డాక్టర్ని కలిశాను. స్కానింగు యంత్రం ఉంది. చెయ్యి మంచిదంటున్నారు. కానీ ఆ మనిషి దగ్గర ఒక్కటే మాట. ఈ వయసులో చూలు నిలుస్తుందాండీ? చూద్దాం. గర్భసంచి బాగుందా? చూద్దాం. మంగళవారం వస్తారా? చూద్దాం. మీ పేరేమిటని అడిగితే కూడా అదే అంటారేమోనని అడగలేదు. చూద్దాంగారు అని పేరు పెట్టాను. మీ అక్కకి నచ్చేది.

మీ బావ


పశువుల ఆసుపత్రి
జనవరి 22

బావా,

చూద్దాంగారు (ఆయన్ని అలా పిలవకండి, నాకు సీనియరు, ఇప్పుడు నాకూ నోటికి అదే వస్తోంది) స్కాను కాగితం పంపారు. చూసి నా కళ్ళు నేను నమ్మలేదు. రెండు అండాశయాలూ గోళీల్లా గట్టిగా, చిన్నగా ఉన్నాయి. అండం తయారయ్యేది నీటిబుడగలాంటి దాంట్లో. మనకి ముప్పై అయిదు మిల్లీమీటర్ల బుడగ కావాలి. మీ గుర్రానికి ఒక్కటీ పది దాటలేదు. ఎనిమిది వారాలు లైటు కింద ఉన్న గుర్రం ఇలా ఉండదు. నడి చలికాలంలో ఆరుబయట నిలబడ్డ గుర్రం ఇలా ఉంటుంది.

బొచ్చు ఊడుతోందా? మెడ మీద బ్రష్ తిప్పితే గుత్తులు గుత్తులుగా రావాలి. చూసి రాయండి. బల్బు మాడిపోలేదు కదా?

మరదలు


ఇల్లు
జనవరి 30

డాక్టరమ్మకి,

బొచ్చు ఊడలేదు. ఎలుగుబంటిలా ఉంది.

బల్బు మాడలేదు. రోజూ పొద్దు కుంకే ముందే వేస్తున్నాను. ఒక్క రోజు తప్పలేదు. నువ్వు రాసినట్టే పేపరు చదవొచ్చు, చిన్న అక్షరాలు కూడా. తప్పు నీ పద్ధతిలో ఉందేమో చూసుకో. లేకపోతే ఆ గయ్యాళి మొండితనం. నేను పాలకూర కోసినంత సన్నగా గడ్డి కోసి పెడుతున్నా బకెట్టు తన్నేస్తోంది. అలాంటిది ఒక బల్బుకి మోసపోతుందని నువ్వెలా అనుకున్నావో నాకు అర్థం కావడం లేదు.

మా ఆఫీసులో పటం తప్పితే మళ్ళీ కొలుస్తాం. మీ వాళ్ళు గుర్రాన్ని అనుమానిస్తారా? ఇంకేదైనా ఇంజెక్షను ఉంటే చెప్పు.

మీ బావ


పశువుల ఆసుపత్రి
ఫిబ్రవరి 6

బావా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. లైటు ఎప్పుడు వేస్తున్నారో రాశారు. ఎప్పుడు ఆపుతున్నారో రాయలేదు.

మీరు అబద్ధం చెప్పరని, సగం చెప్తారని అక్క అనేది. మిగతా సగం రాయండి. ఒక్క లైను చాలు.

మరదలు


ఇల్లు
ఫిబ్రవరి 11

ఏడింటికి ఆపేస్తున్నాను.

బావ


ఇల్లు
ఫిబ్రవరి 12

డాక్టరమ్మకి,

ఎందుకని అడుగుతావు. అడగకముందే రాస్తున్నాను. మళ్ళీ అడగొద్దు.

మా ఇల్లు నీకు తెలుసు. నా బల్ల కిటికీ పక్కన. కిటికీలోంచి శాల కనబడుతుంది. ఇరవై రెండేళ్ళు ఆఫీసు నుంచి వచ్చి ఆ బల్ల దగ్గరే కూచున్నాను. ఊళ్ళో పిల్లలకి గుర్రపుస్వారీ నేర్పడం అయ్యాక మీ అక్క ఇంట్లోకి వచ్చేది కాదు. శాలలోనే ఉండేది. గడ్డి వెయ్యడం, డెక్కలు శుభ్రం చెయ్యడం, దాంతో కబుర్లు. అక్కడ లైటుంటే మనిషి ఉన్నట్టు. లైటు ఆరితే వస్తున్నట్టు. అప్పుడు నేను లేచి కూర వేడి చేసేవాణ్ణి.

బల్బు పెట్టిన మొదటి రోజు తొమ్మిదిన్నర దాకా ఉంచాను. బల్ల దగ్గర కూచుని పని చేసుకున్నాను. పని బాగా సాగింది. చాలా రోజుల తర్వాత అంత బాగా సాగింది. టైమయ్యాక వెళ్ళి ఆపి వచ్చాను. కూర వేడి చేశాను. రెండు కంచాలు పెట్టాను.

రెండో రోజు నుంచి, బల్ల దగ్గరికి వెళ్ళకముందే, ఏడింటికి ఆపేస్తున్నాను.

కిటికీకి పరదా వెయ్యొచ్చు కదా అంటావు. వేశాను. పరదా అంచు సందులోంచి వెలుగు కనబడుతుంది.

రెండున్నర నెలలు పాడు చేశాను. ఇది క్షమాపణ కాదు, సమాచారం.

మీ బావ


పశువుల ఆసుపత్రి
ఫిబ్రవరి 24

బావా,

ఇది నాలుగో కాగితం. మూడు చించేశాను. మిమ్మల్ని గట్టిగా తిట్టాలి. తిట్టే ముందు నేను దాచిన సగం కూడా చెప్పాలి.

ఈ పని వద్దని అక్కే అంది. ఆసుపత్రిలో, ఆఖరి వారం, మీరు మందులకని కిందికి వెళ్ళినప్పుడు. 'నేను పోయాక మీ బావ ఆ కాగితం చూసి గుర్రానికి పిల్ల కావాలంటాడు. వద్దని చెప్పు. ఆయన వల్ల కాదు. దానికి నెలల తరబడి లైటు పెట్టాలి. ఈయనేమో పొద్దస్తమానం ఇంట్లో లైట్లు ఆర్పుకుంటూ తిరిగే మనిషి. వారం తిరక్కుండా ఆర్పేస్తాడు. ఆ ఒక్క డోసూ దండగ. మంచివాడేనే, కానీ చేత కాదు' అంది. నవ్వుతూనే అంది. కానీ నాచేత మాట తీసుకుంది.

నవంబరులో మీ ఉత్తరం వచ్చింది. అక్క పోయాక మీరు నన్నడిగిన మొదటి పని అది. కాదనలేకపోయాను. నేను మాట తప్పాను, మీరు ఆవిడ చెప్పినట్టే చేసి చూపించారు. వారం కూడా ఆగలేదు, రెండో రోజుకే! ఇద్దరం కలిసి ఆవిణ్ణి గెలిపించాం.

ఇంకొకటి. నేనుండేది మీకు మూడు గంటల దూరంలో. పని ఒత్తిడి అని ప్రతిసారీ రాకుండా తప్పించుకుంటున్నాను. పని ఎప్పుడూ ఉండేదే. ఆ గేటు ముందు బండి దిగితే 'వచ్చావా తల్లీ, చెప్పులు అక్కడే వదులు, లద్దె తొక్కావు' అనే గొంతు వినబడదు. అందుకని రాలేదు. కాబట్టి మీ ఏడు గంటల సంగతి నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం పోలేదు.

ఇప్పుడు మీ ఇష్టం. మానేద్దామంటే మానేద్దాం. డోసు క్యాన్‌లోనే ఉంటుంది.

మరదలు


ఇల్లు
ఫిబ్రవరి 27

డాక్టరమ్మకి,

చేత కాదా?

ఇరవై రెండేళ్ళు ఈ ఇంట్లో స్నానాలగది లైటు ఆర్పింది ఎవరు? మెట్ల మీద లైటు, పెరటి లైటు, ఎవరూ లేని గదిలో లైటు. ఆవిడ వేసుకుంటూ ముందు పోతుంది, నేను ఆర్పుకుంటూ వెనక వస్తాను. దాన్ని చేతకానితనం అంటారా?

పోనీ, అనదల్చుకున్నది నాతో అనొచ్చు. మంచం పక్కన కుర్చీలో పదకొండు రోజులు కూచున్నాను. నాతో పెరట్లో పంపు కారుతోందని చెప్పింది. గుర్రానికి డెక్కలు కోయించే రోజు దాటిపోయిందని చెప్పింది. నా చొక్కా ఇస్త్రీ లేదని చెప్పింది. ఇది మాత్రం నీతో చెప్పింది.

నాకు చాలా కోపంగా ఉంది. తను పోయాక తన మీద కోపం రావడం ఇదే మొదటిసారి. ఎవరితో దెబ్బలాడాలో తెలియక శాలకి వెళ్ళి గయ్యాళికి చెప్పాను. పంపు సంగతి నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. పెళ్ళైన కొత్తలో జరిగినవి కూడా చెప్పాను. అది వింది. వినక ఏం చేస్తుంది, కట్టేసి ఉంది. చెప్పడం అయ్యాక వాచీ చూసుకుంటే తొమ్మిదిన్నర దాటి పది నిమిషాలు.

నిన్న నా బల్లా కుర్చీ శాలలోకి మార్చాను. ఆఫీసు పటాలు ఇక అక్కడే గీస్తాను. లోపలే ఉంటే కిటికీలోంచి చూసే పని లేదు. వెలుగు నా గదిలో కంటే బాగుంది. గయ్యాళి పటంలో ఒక కాలవని నాకేసింది, మళ్ళీ గీశాను.

మొదటి నుంచి మొదలుపెట్టు. మానేసేది లేదు.

మీ బావ


శాల
ఏప్రిల్ 7

డాక్టరమ్మకి,

కవర్లో ఉన్నది చెత్త కాదు. పారెయ్యకు. మెడ మీది బొచ్చు. బ్రష్ పెట్టగానే ఇంత వచ్చింది. నా పటాల మీద, చొక్కా మీద, టీ కప్పులో, ఎక్కడ చూసినా ఇదే. ఎలక్ట్రీషియను స్విచ్చు బాగు చెయ్యడానికి వచ్చి, 'సార్, మీరు కూడా ఇక్కడికే మారిపోయారా?' అన్నాడు. ఇంకేమీ అనకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు, పాపం.

చూద్దాంగారు స్కాను చేశారు. ఇరవై రెండు మిల్లీమీటర్ల బుడగ ఒకటి, పద్దెనిమిదివి రెండు. ఇది మంచిదేనా అన్నాను. ఏమన్నారో నీకు తెలుసు.

మీ బావ


పశువుల ఆసుపత్రి
ఏప్రిల్ 13

బావా,

ఆ బొచ్చు నా బల్ల మీద పెట్టుకున్నాను. కాంపౌండరు రెండుసార్లు ఊడ్చెయ్యబోయాడు.

పెట్టెలో సీసా ఉంది. ఇదే హార్మోను మందు. రోజుకొకసారి, ఒకే టైముకి, దాణాలో కలిపి పదిరోజులు పెట్టండి. దీని పని ఎదని ఆపి ఉంచడం. పదో రోజున మందు ఆపగానే, ఆగి ఉన్నదంతా ఒక్కసారిగా కదులుతుంది, ఎదకొస్తుంది. అప్పటినుంచి చూద్దాంగారు రోజూ స్కాను చేసి కొలత నాకు ఫోనులో చెప్తారు. ముప్పై అయిదు దాటిన రోజు అండం విడుదలయ్యే ఇంజెక్షను ఇస్తారు. అక్కణ్ణుంచి మనకి ఉన్న టైము ఒకటిన్నర రోజు. గడ్డకట్టిన వీర్యం కరిగించాక ఎక్కువసేపు బతకదు. గంట అటూ ఇటూ అయితే అంతా పోయినట్టే.

ఆ మందు గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. ఆడగుర్రానికిచ్చే మందు మీకెందుకు?

మరదలు


శాల
ఏప్రిల్ 27

డాక్టరమ్మకి,

పదిరోజులూ పెట్టాను. మొదటి రోజు బకెట్టు తన్నింది, దాణా అంతా నా మోకాళ్ళ మీద. రెండో రోజు నుంచి చేత్తో ముద్దలు తినిపించాను. గ్లవ్స్ రెండో రోజుకే చిరిగాయి. నీ దగ్గర దాచి లాభం లేదు కనుక చెప్తున్నాను.

అప్పటినుంచి నాకు ఊరికే చిరాకు వస్తోంది. చిన్నదానికి కళ్ళు తడుస్తున్నాయి. మొన్న ఆఫీసులో ఎవరో రబ్బరు అడిగితే కసురుకున్నాను. మందు ఒంట్లోకి పోయినట్టుంది. ఎన్నాళ్ళుంటుంది?

నిన్నటితో సీసా అయిపోయింది. అమ్మడు ఇవాళ పక్క రోడ్డు మీద పోయే ప్రతి బండికీ సకిలిస్తోంది.

మీ బావ


పశువుల ఆసుపత్రి
మే 6

బావా,

అది మందు కాదు. చిరాకు మీకు పుట్టుకతో ఉంది. రెండోది కూడా మందు కాదు.

మీ దగ్గర్నుంచి తిరిగొచ్చి రెండు రోజులైనా ఒంట్లోంచి గడ్డి వాసన పోలేదు. మీ ఎదురుగా చెప్పలేనివి రాస్తున్నాను.

ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లని ఫోను రాగానే క్యాన్ కాంపౌండరుతో పంపిద్దామనుకున్నాను. బండిలో క్యాన్ పెట్టాక, పక్కన నేను ఎక్కాను. ఎందుకు ఎక్కానో ఇప్పటికీ తెలియదు. గేటు దగ్గర దిగగానే మీరు, 'చెప్పులు అక్కడే వదులు, లద్దె' అన్నారు. మీకు తెలియకుండానే అన్నారు. అందుకే నేను వెనక్కి తిరిగి క్యాన్ మూత సరిచేస్తున్నట్టు అంతసేపు నిలబడ్డాను.

పొద్దున్న ఎనిమిదికి స్ట్రాలు కరిగించేటప్పుడు నీళ్ళ వేడి మూడుసార్లు కొలిచాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. ముప్పై ఏడు డిగ్రీల నీళ్ళు, ముప్పై సెకన్లు. మీరు వాచీ చూసి సెకన్లు చదివారు, పటం కొలతలు చదివినట్టు. చూద్దాంగారు ముందు నిలబడి మూతి పట్టుకున్నారు. మీరు తోక పట్టుకున్నారు. నేను చెయ్యి లోపల పెట్టి సన్నటి గొట్టం గర్భసంచిలోకి పంపుతుంటే అది ఒక్కసారి వెనక్కి తిరిగి మీ వైపు చూసింది. కదల్లేదు. నేను ఎన్ని గుర్రాలకి చేశానో, ఒక్కటీ అలా నిలబడలేదు.

పద్ధతి ప్రకారం అయితే సగానికి సగం మాత్రమే ఆశ. ఈ వయసుకి ఇంకా తక్కువ. ఇది సమాచారం. పదిహేనో రోజున స్కాను. అప్పటిదాకా దాన్ని పరిగెత్తించకండి, మీరు కూడా దాని చుట్టూ తిరగకండి.

మరదలు


శాల
మే 20

డాక్టరమ్మకి,

నిన్న చూద్దాంగారు వచ్చారు. స్కాను పెట్టి తెర మీద ఏదో కొలిచారు. నేను తోక పట్టుకుని నిలబడ్డాను. ఏమండీ అన్నాను. మళ్ళీ కొలిచారు. ఈ మనిషితో వేగడం నా వల్ల కాదు అనుకున్నాను. అప్పుడు తెర నావైపు తిప్పారు. బూడిదరంగు మధ్యలో నల్లటి గుండ్రం. మా పటాల్లో బావిని అలాగే గీస్తాం. ఇరవై మిల్లీమీటర్లు. ఒక్కటే, కవలలు కాదు.

'నిలిచింది' అన్నారు. ఆయన నోట ఇంకో మాట వినడం ఇదే మొదలు.

ఇంకో పది రోజులకి గుండె కొట్టుకోవడం కనబడాలట. అంతవరకూ సంబరపడొద్దన్నారు. సంబరం ఏమీ లేదు. అమ్మడు మామూలుగానే ఉంది. ఇవాళ రెండో గుండీ కూడా కొరికేసింది.

తలుపు వెనక కాగితం మీద చివరి సంవత్సరం కొట్టేసి, ఈనేది వచ్చే ఏడు కనుక ఆ సంవత్సరం రాశాను. అక్షరాలు మీ అక్క రాసిన సైజులోనే రాశాను, తర్వాత వంకలు పెట్టడానికి లేకుండా.

చూద్దాంగారు వెళ్తూ వెళ్తూ స్విచ్చు మీద చెయ్యి వేశారు. 'ఇక దీనికి లైటు అక్కర్లేదు సార్. పగలు ఎలాగూ పెరిగింది. ఆపెయ్యొచ్చు' అన్నారు.

చూద్దాం అన్నాను.

మీ బావ